బీచ్ ఉన్న సిటీలో మంచి బోటిక్ హోటల్ ఎలా ఎంచుకోవాలి? అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నా

గోరింట:

అందరికీ నమస్తే. అమ్మానాన్నల పెళ్ళిరోజుకి వాళ్ళిద్దర్నీ సముద్రం ఉన్న ఏదైనా సిటీకి తీసుకెళ్దాం అనుకుంటున్నా. ఏ సిటీ అన్నది ఇంకా ఫైనల్ కాలేదు, రెండు మూడు మనసులో ఉన్నాయి, అందుకే పేరు పెట్టట్లేదు. పెద్ద చెయిన్ హోటళ్ళు వద్దనిపిస్తోంది, ఎక్కడ దిగినా అదే లాబీ అదే కార్పెట్టు, లోపలికెళ్తే ఏ ఊర్లో ఉన్నామో కూడా తెలీదు. పదీ పదిహేను గదులుండే చిన్న హోటల్, పాతకాలం మేడ అయినా సరే, బాగా మనసుపెట్టి కట్టిన కొత్తది అయినా సరే, బోటిక్ హోటల్ అంటారే, అలాంటిది కావాలి.

సమస్య ఏంటంటే ఫొటోల్లో అన్నీ బాగానే ఉంటాయి. తెల్ల గోడలు, కాగితప్పూలు, బాల్కనీలో రెండు కుర్చీలు... ఏ సిటీ చూసినా నాకు మూడు రకాలే తగుల్తున్నాయి. ఒకటి పాత ఊరి సందుల్లో పాత బంగళా, బీచ్‌కి పది నిమిషాల నడక అంటారు. రెండోది బీచ్ రోడ్ మీదే కొత్త డిజైన్ హోటల్, సీ వ్యూ. మూడోది సిటీ చివర్న ఇసక మీదే ఉంటుంది కానీ చుట్టుపక్కల ఏమీ ఉండదు.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాన్నకి చీమ చిటుక్కుమన్నా మెలకువ వచ్చేస్తుంది. వాళ్ళిద్దరూ తమకోసం ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఈ ఒక్క ట్రిప్పన్నా బాగా జరగాలని చాలా ఉంది. దేన్నిబట్టి నిర్ణయించుకోవాలో కాస్త చెప్పండి.

ఉప్పుగాలి:

గోరింట గారూ, ముందు సీ వ్యూ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే డబ్బు ఎక్కువ పోయేదీ నిరాశ ఎక్కువ మిగిలేదీ అక్కడే. ఓషన్ ఫ్రంట్ గది అంటే మామూలుగా గది మొహం నేరుగా సముద్రం వైపే ఉంటుంది. ఓషన్ వ్యూ అన్నారంటే ఏదో ఒక మూలనుంచి కనిపిస్తే చాలు, బాల్కనీ చివరికెళ్ళి పక్కకి చూసినా లెక్కే. పార్షియల్ వ్యూ అంటే రెండు బిల్డింగుల మధ్య కాస్త నీలం కనిపిస్తుంది అంతే. బీచ్ ఫ్రంట్ హోటల్ అన్నా కూడా మీకు వెనకవైపు గది ఇవ్వచ్చు, అప్పుడు మీకు కనిపించేది పార్కింగే.

ఇంకోటి, సముద్రానికి ఎదురుగా ఉందంటే మధ్యలో రోడ్డు లేదని కాదు. ఫ్రాన్స్‌లో నీస్ తీసుకోండి, సముద్రం ముందున్న హోటళ్ళకీ బీచ్‌కీ మధ్య ప్రొమెనాడ్ దెజాంగ్లె అని పెద్ద రోడ్డు, అది దాటి కిందకి దిగాక కూడా అక్కడుండేది ఇసక కాదు గులకరాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి వాటిమీద నడవడం నరకం. అమెరికాలో మయామీ బీచ్‌లో ఓషన్ డ్రైవ్ అనే రోడ్డు మీద 1930ల నాటి ఆర్ట్ డెకో శైలి హోటళ్ళు ఎంత ముద్దుగా ఉంటాయో చెప్పలేను, ఆ పేటని 1979లోనే చారిత్రక ప్రాంతంగా నమోదు చేశారు, అయినా అక్కడ కూడా హోటల్ గుమ్మం దాటాక రోడ్డు, రోడ్డు దాటాక పార్కు, ఆ తర్వాతే ఇసక. పుదుచ్చేరిలో వైట్ టౌన్ అనే పాత ఫ్రెంచి పేట ముందు చాలా మేర రాళ్ళ కట్టే ఉంటుంది, సాయంత్రం నడవడానికి ఎంత హాయో, నీళ్ళలోకి దిగడానికి అంత పనికిరాదు. ఇవేవీ వద్దని చెప్పట్లేదు. మీ అమ్మగారికి సముద్రాన్ని చూస్తూ కూర్చోవాలని ఉందా, కాళ్ళు తడుపుకోవాలని ఉందా? అది ముందు ఆవిడ్నే అడగండి, ఆ జవాబుతో మీ లిస్టు సగం తగ్గిపోతుంది.

పది నిమిషాల నడక అన్నది కుర్రాళ్ళ నడక. మ్యాప్‌లో మీరే వాకింగ్ రూట్ వేసి చూడండి, దార్లో మెట్లున్నాయా, ఎత్తు ఎక్కాలా, పెద్ద రోడ్డు దాటాలా. మ్యాప్‌లోనే వీధి ఫొటోలు చూపించే స్ట్రీట్ వ్యూలో హోటల్ గుమ్మం దగ్గర నిలబడి రెండువైపులా తిరిగి చూడండి, ఆ ఫొటో ఏ సంవత్సరం తీసిందో కూడా అందులోనే ఉంటుంది, నాలుగైదేళ్ళ కిందటిదైతే పక్కన ఈపాటికి కొత్త బిల్డింగ్ లేచి ఉండచ్చు.

సముద్రపు గాలిలో ఉప్పుంటుంది కదా, ఏసీ కాయిల్సు, తాళాలు, కిటికీ బందులు మామూలు చోట కంటే తొందరగా తుప్పు పడతాయి. అందుకని నీళ్ళకి ఎంత దగ్గరుంటే అంత మెయింటెనెన్స్ కావాలి. హోటల్ పెట్టిన ఫొటోలు కాదు, దిగినవాళ్ళు పెట్టిన ఫొటోల్లో బాల్కనీ రెయిలింగు, బాత్రూమ్ కుళాయిలు, గోడ మూలలు చూడండి. అక్కడ తుప్పూ చెమ్మ మరకలూ కనిపిస్తే ఎంత అందమైన హోటలైనా పైన పటారం లోన లొటారమే.

కిటికీలు ఏ వైపున్నాయో కూడా అడగండి. పగలు నేల ముందు వేడెక్కుతుంది కాబట్టి మధ్యాహ్నానికల్లా గాలి సముద్రం మీదనుంచి ఊర్లోకి వీస్తుంది, రాత్రికి అది తిరగబడి నేలమీదనుంచి సముద్రం వైపు పోతుంది. గదికి ఎదురెదురుగా రెండు కిటికీలుంటే రెండు పూటలా గాలి ఆడుతుంది. తూర్పు తీరంలో సముద్రం వైపు గది అంటే తెల్లారగానే ఎండ మంచం మీదే పడుతుంది, మందపాటి కర్టెన్లు లేకపోతే నాన్నగారి నిద్ర అయిపోయినట్టే. పడమటి తీరంలో సూర్యాస్తమయం బాగుంటుంది కానీ మధ్యాహ్నం నుంచీ గది వేడెక్కిపోతుంది.

పాతమేడ:

నాకు పాత బిల్డింగులంటే ప్రాణం, కాబట్టి మొదటి రకం గురించి చెప్తా. చెయిన్ హోటల్లో మూడో ఫ్లోర్ గది అయినా ఐదో ఫ్లోర్ గది అయినా ఒకటే. పాత బంగళాని హోటల్‌గా మార్చిన చోట ఏ రెండు గదులూ ఒకలా ఉండవు, ఒకదానికి పెద్ద కిటికీ ఉంటే పక్కదానికి వెలుతురే ఉండదు, ఒకటి దర్బారులా ఉంటే ఇంకోటి ఒకప్పటి సామాన్ల కొట్టు. అందుకే మీరు హోటల్ని కాదు, గదిని బుక్ చేసుకోవాలి. వెబ్‌సైట్లో ఉన్న ఆ అందమైన ఫొటో ఏ గదిదో అడిగి, ఆ గదే రాసి ఇవ్వమనండి.

అమ్మగారి విషయంలో లిఫ్ట్ ఉందా అని మాత్రమే అడిగితే సరిపోదు. చాలాచోట్ల లిఫ్ట్ ఉంటుంది కానీ వీధిలోంచి లిఫ్ట్ దాకా నాలుగు మెట్లుంటాయి, గది లోపల బాత్రూమ్‌కి ఇంకో మెట్టు, స్నానానికి అంచెత్తు టబ్బు. మోకాళ్ళకి అసలు గండం ఆ టబ్బే. వీధి గుమ్మం నుంచి మంచం దాకా, మంచం నుంచి బాత్రూమ్ దాకా ఎన్ని మెట్లు, షవర్ నేలకి సమానంగా ఉందా, ఇలా అడగండి. పాత ఇళ్ళకి గోడలు మందం, లోపల చల్లగా ఉంటుంది, అది నిజంగా పెద్ద సుఖం. కానీ పైగది నేల చెక్కదైతే పైవాళ్ళు నడిచే ప్రతి అడుగూ కింద వినిపిస్తుంది, నడిమధ్య ముంగిలి ఉంటే అక్కడి మాటలన్నీ గదుల్లోకి వస్తాయి.

బోటిక్ అని బోర్డు పెట్టుకోడానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు, అది గుర్తుపెట్టుకోండి. 1984లో న్యూయార్క్‌లో మోర్గన్స్ అనే హోటల్ తెరిచాక ఈ పద్ధతికి బాగా పేరొచ్చింది, ఆ తర్వాత పెద్ద కంపెనీలూ ఇందులోకి దిగాయి. మారియట్ వాళ్ళ ఆటోగ్రాఫ్ కలెక్షన్, హిల్టన్ వాళ్ళ క్యూరియో అలా వచ్చినవే, హోటల్ పేరు వేరేగా ఉంటుంది, వెనకాల బుకింగు, పాయింట్లు అన్నీ కంపెనీవే. అందులోనూ మంచివున్నాయి. కానీ మీరడిగేది ఓనరే దగ్గరుండి చూసుకునే చోటు అయితే, ఒక మెయిల్ పెట్టి చూడండి. మా అమ్మకి మోకాళ్ళు, నాన్నకి నిద్ర, మాకు ఏ గది బాగుంటుంది అని రాయండి. గది పేరు పెట్టి కారణం చెప్పి జవాబిచ్చారంటే వాళ్ళకి తమ ఇల్లు తెలుసు. మా గదులన్నీ బాగుంటాయి అని పంపిస్తే వదిలేయండి.

గోరింట:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ, టబ్ విషయం నాకసలు తట్టనే లేదు. అమ్మని అడిగా, నీళ్ళలో కాళ్ళు పెట్టకుండా సముద్రం చూడ్డం ఏంటే అంది 🙂 అంటే ఇసక బీచే కావాలి. సిటీ చివర్న ఉన్నది సుఖమేమో అనిపిస్తోంది ఇప్పుడు, నిశ్శబ్దంగా ఉంటుంది కదా? రివ్యూలు చదువుతుంటే మాత్రం పిచ్చెక్కుతోంది, ఒకరు అద్భుతం అంటారు ఇంకొకరు దండగ అంటారు.

రాత్రిరైలు:

చివర్న ఉన్నదాని మీద నాకు కాస్త భయమే అండి. పెద్దవాళ్ళతో వెళ్తున్నప్పుడు రాత్రి పదింటికి ఏదైనా అయితే మందుల షాపు ఎంత దూరం, బండి దొరుకుతుందా, ఇవి తేలకుండా బుక్ చేయకండి. పైగా నిశ్శబ్దం అన్న గ్యారంటీ కూడా లేదు, ఒంటరిగా ఉన్న బీచ్ హోటళ్ళలోనే పెళ్ళిళ్ళూ పార్టీలూ పెడతారు. మీ తేదీల్లో ఏదైనా ఫంక్షన్ ఉందా అని అడగండి, వీలైతే వీకెండ్ తప్పించి వారం మధ్యలో వెళ్ళండి. అలల చప్పుడు వేరు, అది ఆగకుండా ఒకే తీరుగా వస్తుంది కాబట్టి చాలామందికి నిద్రపడుతుంది. నిద్ర చెడగొట్టేది ఉన్నట్టుండి వచ్చే చప్పుడే, పక్క బార్ మూసేటప్పుడు కుర్చీలు లాగడం, తెల్లారకముందే చెత్త లారీ, కిటికీ కిందే పెట్టిన ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు. కిటికీకి డబుల్ గ్లాస్ ఉందా, కింద ఏముంది, ఈ రెండూ కనుక్కోండి.

రివ్యూల్లో స్టార్లు చూడకండి, తేదీలు చూడండి. మీరు వెళ్ళే నెలలోనే అంతకుముందు ఏడాది దిగినవాళ్ళు ఏం రాశారో అదే మీకు పనికొచ్చేది, ఎందుకంటే బీచ్ ఊళ్ళో సీజన్లో హోటల్ వేరు, వానల్లో అదే హోటల్ వేరు. తర్వాత రివ్యూల్లో సెర్చ్ కొట్టండి, చప్పుడు, చెమ్మ, వాసన, మెట్లు, వేడినీళ్ళు అని. ఒక్కరు రాస్తే వదిలేయచ్చు, వేరే వేరే నెలల్లో దిగినవాళ్ళు అదే మాట రాస్తే అది నిజమే. మధ్యరకం మార్కులు వేసినవాళ్ళవి తప్పకుండా చదవండి, బాగున్నదీ బాగోనిదీ రెండూ రాస్తారు వాళ్ళు.

మూడోకెరటం:

అమ్మగారు నీళ్ళలోకి దిగుతానన్నారు కాబట్టి ఒక్క మాట. హోటల్ ముందు బీచ్ ఉంది అంటే దిగడానికి వీలుందని కాదు. లోతు ఉన్నట్టుండి పెరిగే చోట్లు, లోపలికి లాగేసే ప్రవాహాలు ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. లైఫ్‌గార్డులు ఉంటారా, ఏ నెలల్లో ఏ టైం దాకా ఉంటారు అని హోటల్‌నే అడగండి. సగం ఎరుపు సగం పసుపు ఉన్న జెండాలు రెండు పాతి ఉంటే వాటి మధ్యే దిగాలి, మొత్తం ఎర్ర జెండా ఉంటే దిగొద్దు. బ్లూ ఫ్లాగ్ అని ఇంకో గుర్తింపు ఉంది, 1985లో ఫ్రాన్స్‌లో మొదలైంది, నీటి శుభ్రత, భద్రత, సౌకర్యాలు చూసి బీచ్‌లకి ఇస్తారు, అది కూడా ప్రతి సీజన్‌కీ కొత్తగా ఇస్తారు కాబట్టి ఈ ఏడాది ఉందో లేదో చూసుకోండి.

డబ్బు కట్టేముందు కేన్సిలేషన్ రూల్స్ చదవండి. తుపాన్ల కాలంలో వెళ్తుంటే ఫ్రీ కేన్సిలేషన్ లేని రేటు ఎంత చవగ్గా కనిపించినా తీసుకోకండి, అట్లాంటిక్ వైపు జూన్ నుంచి నవంబర్ దాకా హరికేన్ సీజన్, బంగాళాఖాతంలో వానలకి ముందోసారి తర్వాతోసారి. కొన్ని దేశాల్లో రిసార్ట్ ఫీజనీ, యూరప్‌లో చాలా ఊళ్ళలో సిటీ టాక్స్ అనీ రేటు మీద పడతాయి, మొత్తం ఎంతవుతుందో చివరి అంకె అడగండి. బీచ్ కుర్చీలకి విడిగా డబ్బులా కాదా అన్నది కూడా.

గోరింట:

అందరూ చెప్పినవన్నీ కలిపి ఒకే మెయిల్ రాసి, ఇసక బీచ్ ఉన్న సిటీల్లో నాలుగు హోటళ్ళకి పంపించా. రెండు అసలు పలకలేదు, ఒకటి బ్రోషర్ పంపింది. ఒక పాత బంగళా వాళ్ళు మాత్రం పెద్ద ఉత్తరమే రాశారు, కింద ఫ్లోర్‌లో ముంగిలి వైపు గది ఉందట, వీధి నుంచి ఒకే ఒక్క మెట్టు, షవర్ నేలకి సమానం, మీ నాన్నగారికైతే పైన వెనక గది బాగుంటుంది కానీ అమ్మగారికి మెట్లు కష్టం కదా అని వాళ్ళే రాశారు. బీచ్‌కి దారి చదునే, మ్యాప్‌లో చూశా. ముంగిల్లోనే పొద్దున్న టిఫిన్ బల్లలు వేస్తారట, అదొక్కటే ఆలోచన.

పాతమేడ:

అలా రాసినవాళ్ళని వదులుకోకండి. బల్లలు ఎన్నింటికి వేస్తారో అడగండి, ఎనిమిదికైతే నాన్నగారు ఎలాగూ లేచే ఉంటారు. ఆరుకే మొదలుపెడితే మీ గుమ్మానికి దూరంగా ఉన్న మూలన వేయమని ముందే చెప్పి, సరే అన్న జవాబు మెయిల్లో తీసుకోండి. పై గది మీ పేరు మీద తీసుకోండి, నాన్నగారికి మధ్యాహ్నం కునుక్కి పనికొస్తుంది.