‘ఎత్తుకు పైఎత్తు’ ఇక్కడ చెల్లుతుందా?

తార్నాక: ఒక కరెస్పాండెన్స్ చెస్ (ఎత్తులు ఉత్తరాల్లోనో నెట్‌లోనో పంపుకుంటూ దూరం నుంచి ఆడేది) ఆటకు తెలుగులో వ్యాఖ్య రాస్తున్నాం. తెల్ల బర్డ్ ఓపెనింగ్ (రాజు పక్క బిషప్ ముందున్న బంటును రెండు గడులు జరిపే ఆరంభం) ఆడింది, నల్ల గెలిచింది. శీర్షిక ‘ఎత్తుకు పైఎత్తు’. నల్లది ఎప్పుడూ రెండో వంతే కదా, అలాగైతే దాని ప్రతి ఎత్తూ పైఎత్తేనా అని ఒకరి అభ్యంతరం. ఆట ఇదీ:

1. 6264 5755 2. 6455 4746 3. 5546 6846 4. 2133 4884 5. 7273 8473 6. 8273 4673, ఆటకట్టు.

మలక్‌పేట: బదులు వేరు, పైఎత్తు వేరండి. అవతలివాడి ఎత్తును ఆపితే అది అడ్డు. వాడు ఆడబోయేది ముందే లెక్కేసి దాని మీద ఇంకోటి వేస్తే పైఎత్తు.

అంకెలు తెలియనివారికి: మొదటి రెండూ బయల్దేరిన గడి, తర్వాతి రెండూ చేరిన గడి. గడిలో మొదటి అంకె నిలువు వరుస, తెల్ల ఎడమచేతి నుంచి 1 మొదలు 8; రెండో అంకె అడ్డ వరుస, తెల్ల వైపు నుంచి 1 మొదలు 8. 5755, 4746 రెండూ బంటు బలులు. డెన్మార్క్ ఆటగాడు మార్టిన్ ఫ్రమ్ పేరున్న గ్యాంబిట్ (దాడి కోసం మొదట్లోనే బంటును వదులుకోవడం) ఇది. తెల్ల రెండు బంట్లు తిని ఒకటి ఇచ్చుకుంటుంది, నల్ల బిషప్‌కు 46 నుంచి 82 దాకా దారి తెరుచుకుంటుంది. 4884తో మంత్రి చెక్. తెల్ల 7273 వట్టి అడ్డు. 8473, మంత్రినే బలివ్వడం, అసలు పైఎత్తు. తెల్లకు 8273 తప్ప వేరే ఎత్తే లేదు. తర్వాత బిషప్ 73లోకి వస్తే రాజుకు దిక్కు లేదు. మొదటి ఎత్తులో ఖాళీ చేసిన 62 గుండానే చెక్ పడింది. 5వ ఎత్తులో ముందు బిషప్‌తో 73లో కొట్టి, తర్వాత మంత్రితో కొట్టినా ఆటకట్టే.

అంబర్‌పేట: మరి 4. 2133 సంగతో? 7163 ఆడి ఉంటే ఆ గుర్రం 84ను కాసేది, మంత్రి అక్కడికి వచ్చేదే కాదు. ముఖాముఖి ఆటలో తొందరపాటు అనుకోవచ్చు. కరెస్పాండెన్స్‌లో రోజుల తరబడి గడువు, ఎదురుగా బోర్డు, చేతిలో పుస్తకం. అంకెలు తప్పు రాశారేమో చూడండి. నియమం ప్రకారం చెల్లే ఎత్తైతే పంపాక వెనక్కి తీసుకోవడం కుదరదు. అదే జరిగితే శీర్షిక నల్లకు కాస్త ఎక్కువ పొగడ్తే.

ఇంకోటి, 8473 పంపేటప్పుడే ‘8273 ఆడితే నాది 4673’ అని కలిపి రాయొచ్చు. ఇఫ్ మూవ్ అంటే అదే. పైఎత్తుకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

తార్నాక: అయితే ‘ఎత్తుకు పైఎత్తు’ 5వ ఎత్తు దగ్గర ఉపశీర్షిక. బర్డ్ లాంటి, బోర్డు మధ్య నుంచి కాక పక్క నుంచి మొదలుపెట్టే ఫ్లాంక్ ఓపెనింగ్‌కు ‘పార్శ్వ ప్రారంభం’ అని పెట్టాం.

మలక్‌పేట: ‘పక్క ఆరంభం’ అనండి, నోరు తిరుగుతుంది. చెక్‌ను షహ్ అని, ఆటకట్టును మాత్ అని రాసినా హైదరాబాదులో అడిగేవాళ్లుండరు.