అప్‌డేట్ మధ్యలో ఆగి తెరుచుకోని కంప్యూటర్: బాగు చేయాలా, ఫార్మాట్ చేయించాలా?

శుభలేఖ_ఏలూరు:
మాది పెళ్ళి కార్డులు, కరపత్రాలు వేసే చిన్న డీటీపీ సెంటరు. విండోస్ 11 నెలవారీ అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది, యూపీఎస్ అంతసేపు నిలబడలేదు. అప్పటి నుంచి కంప్యూటర్ తెరుచుకోవడం లేదు. అప్‌డేట్ పూర్తి కాలేదనీ, మార్పులను వెనక్కు తీసుకుంటున్నాననీ చెబుతుంది, ఆగుతుంది, మళ్ళీ మొదటికే వస్తుంది. సర్వీసు సెంటరుకు తీసుకెళితే స్విచ్ కూడా వేయకుండానే "ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేస్తాం, సాయంత్రం రండి" అన్నారు. సీ డ్రైవులో పేజీలు అమర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపు చేసే అను ఫాంట్లు ఉన్నాయి. డెస్క్‌టాప్ మీద ఈ ముహూర్తాల కార్డులన్నీ ఉన్నాయి. ఉన్నదాన్ని బాగు చేయించుకోవడం మంచిదా, తుడిచి కొత్తగా వేయించుకోవడం మంచిదా? రెండు పక్షాల వాదనా వినాలని ఉంది.

సర్వీస్_హనుమకొండ:
కొత్తగా వేయించుకోమనే చెబుతాను. బద్ధకంతో అంటున్న మాట కాదిది. మధ్యలో తెగిన అప్‌డేట్ సిస్టమ్ ఫైళ్ళను కొన్ని పాతవిగా, కొన్ని కొత్తవిగా వదిలేస్తుంది. ఏవో కమాండ్లు ఇచ్చి ఇవాళ తెరిపించవచ్చు. వచ్చే నెల రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ మళ్ళీ అప్‌డేట్ విడుదల చేస్తుంది, అదే కంప్యూటర్ మళ్ళీ నా బల్ల మీదకు వస్తుంది. "అదే పనికి రెండోసారి డబ్బులెందుకు?" అని కస్టమరు అడిగితే నా దగ్గర జవాబు ఉండదు. కొత్తగా వేస్తే ఎంతసేపు పడుతుందో ముందే చెప్పగలను, మరమ్మతుకు అలా చెప్పలేను.

విండోస్ తెరుచుకోనప్పుడు మరమ్మతు కోసం వచ్చే రికవరీ తెరనైనా నమ్ముదామంటే, 2025 అక్టోబర్ 14 అప్‌డేట్ తర్వాత విండోస్ 11లో ఆ తెర దగ్గర యూఎస్‌బీ కీబోర్డు, మౌసు పని చేయలేదు. 20వ తేదీన దిద్దుబాటు వచ్చింది. ఆలోగా తెరుచుకోని కంప్యూటర్‌తో కూర్చున్నవాళ్ళు ఆ తెరను చూస్తూ ఉండవలసిందే.

నల్లతెర:
హనుమకొండ గారూ, కీబోర్డు సమస్య నిజమే. కానీ వేరే కంప్యూటర్‌లో తయారు చేసిన విండోస్ పెన్‌డ్రైవ్‌తో తెరిస్తే అవే మరమ్మతు సాధనాలు దొరుకుతాయి. ఆ పెన్‌డ్రైవ్ మీ జేబులో ఎప్పుడూ ఉంటుంది కదా.

అసలు విభేదం వేరే. విండోస్ కొత్త ఫైళ్ళను ముందు పక్కన పెట్టుకుని, రీస్టార్ట్ అయ్యేటప్పుడు మార్చవలసినవాటి జాబితా రాసుకుంటుంది. కరెంటు పోతే ఆ జాబితా సగంలో నిలిచిపోవచ్చు. కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ దాన్ని పూర్తి చేయబోతుంది, కుదరదు. రద్దు చేయబోతుంది, అదీ కుదరదు. శుభలేఖ గారు వర్ణించినది అచ్చంగా ఇలాగే ఉంది. దీనికోసమే విండోస్ ఫైళ్ళను సరిచేసే డిస్మ్ కమాండులో, సగంలో నిలిచిన మార్పులను రద్దు చేసే 'రివర్ట్ పెండింగ్ యాక్షన్స్' అనే ఆదేశం పెట్టారు. అంతకంటే ముందు ప్రయత్నించవలసిన తేలిక మార్గం ఒకటుంది. తెరుచుకునేటప్పుడు పవర్ బటన్ నొక్కిపట్టి వరుసగా రెండు మూడు సార్లు ఆపితే రికవరీ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. అక్కడ నెలవారీ అప్‌డేట్‌ను తీసేయమని అడగవచ్చు. కుదరకపోతేనే కమాండు దాకా వెళ్ళాలి. అక్కడొక జాగ్రత్త: రికవరీలో డ్రైవు అక్షరాలు మారిపోవచ్చు, మీ సీ డ్రైవు డీ అని కనిపించవచ్చు. విండోస్ ఫోల్డరు ఎందులో ఉందో చూసుకునే ఆదేశం ఇవ్వాలి.

2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక్క తప్పుడు ఫైలు వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. వాటన్నిటినీ ఫార్మాట్ చేయమని ఆ సంస్థ చెప్పలేదు. అత్యవసరమైనవాటితోనే విండోస్ తెరుచుకునే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఒక్క ఫైలును తొలగించమంది. కారణం తెలిస్తే వైద్యం అంత చిన్నది. స్విచ్ వేయకుండానే ఫార్మాట్ అనేవారు కారణం వెతకడం లేదు. నా అభ్యంతరమంతా అక్కడే.

సర్వీస్_హనుమకొండ:
ఆ ఉదాహరణ నా వైపే మాట్లాడుతుంది. అక్కడ తప్పు ఏ ఫైలులో ఉందో తయారీదారే ప్రకటించాడు. నా దగ్గరికి వచ్చే కంప్యూటర్‌కు అలాంటి ప్రకటన ఉండదు. కరెంటు దెబ్బా, డిస్కు చెడిపోయిందా, వైరస్సా, లేక పక్కింటి అబ్బాయి విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో వేలు పెట్టాడా? అవన్నీ వెతికినందుకు కస్టమరు డబ్బు ఇవ్వడు, తెరుచుకున్నందుకు ఇస్తాడు. స్విచ్ వేయకుండా ఫార్మాట్ చెప్పడం మాత్రం నేనూ సమర్థించను.

పద్దులపుస్తకం:
చిన్న వ్యాపారులకు లెక్కలు రాసే పని నాది. మీరిద్దరూ విండోస్ గురించి పోట్లాడుతున్నారు, ఆమెకు కావలసినవి ఆ కార్డులు. విండోస్ మళ్ళీ దొరుకుతుంది, దాని లైసెన్సు చాలావరకు మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది కాబట్టి తిరిగి వేసినా దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఎస్ఎస్‌డీని, అంటే చిప్‌లతో చేసిన కొత్త రకం డిస్కును, తుడిచేస్తే మాత్రం పాత ఫైళ్ళు తిరిగి రావడం దాదాపు అసాధ్యం. ఖాళీ చేసిన చోటును డిస్కే తనంతట తాను శుభ్రం చేసుకుంటుంది. పాత హార్డ్‌డిస్కుల్లా రికవరీ సాఫ్ట్‌వేర్ మీద ఆశ పెట్టుకోవద్దు.

శుభలేఖ గారూ, రికవరీ తెరలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నోట్‌ప్యాడ్ అని టైపు చేయండి. అందులో ఫైల్, ఓపెన్ నొక్కి, అన్ని రకాల ఫైళ్ళు చూపించమంటే మీ డెస్క్‌టాప్ ఫోల్డరు దాకా వెళ్ళవచ్చు. అక్కడి నుంచి కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయవచ్చు. తెరుచుకోని కంప్యూటర్‌లోంచి ఇలా ఫైళ్ళు తీయవచ్చని చాలామందికి ఎవరూ చెప్పరు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. డిస్కులోని ఫైళ్ళను ఇతరులు చదవకుండా కాపాడే విండోస్ బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఫోనులో లాగిన్ అయి చూసుకోవచ్చు.

ఇంకొకటి. అప్‌డేట్ అంటే డిస్కు మీద భారీగా రాయడం. అప్పటికే నీరసించిన డిస్కు సరిగ్గా అలాంటప్పుడే చేతులెత్తేస్తుంది, నింద కరెంటు మీదకో అప్‌డేట్ మీదకో పోతుంది. అలాంటి డిస్కు మీద, ఫైళ్ళు బయటకు తీయకముందే, డిస్కు లోపాలు వెతికే చెక్‌డిస్క్‌ను పూర్తి పరీక్షకు పెడితే ఉన్న ప్రాణం కూడా పోవచ్చు. అదే డిస్కు మీద కొత్త విండోస్ వేయడమూ వృథా. కాబట్టి మొదట ఫైళ్ళు, తర్వాత డిస్కు ఆరోగ్యం. మీ ఇద్దరి వాదన మూడో స్థానంలో వస్తుంది.

ఆటోఅప్‌డేట్_వద్దు:
అసలు అప్‌డేట్లే ఆపేస్తే ఈ గొడవ ఉండదు. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ (1809 వెర్షను) కొందరి సొంత ఫైళ్ళనే తుడిచేస్తే, మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే దాని పంపిణీని నిలిపివేసింది. అదే సంవత్సరం జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలకు ఇచ్చిన దిద్దుబాటుతో కొన్ని పాత ఏఎండీ కంప్యూటర్లు తెరుచుకోలేదు. కార్డులు వేసుకునే కంప్యూటర్‌కు నెలనెలా ఈ గండం ఎందుకు?

నల్లతెర:
2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక దిద్దుబాటు ఇచ్చింది. వేసుకోనివాళ్ళను మే 12న, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ పట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. డీటీపీ సెంటరుకు రోజూ ఎవరెవరివో పెన్‌డ్రైవులు వస్తాయి, అందరికంటే ముందు దిద్దుబాటు అవసరమైనది అలాంటి చోటే. కొన్ని రోజులు వాయిదా వేసుకునే వీలు సెట్టింగుల్లోనే ఉంది, అది వాడుకోండి. పూర్తిగా ఆపేయమని ఎవరికీ సలహా ఇవ్వకండి.

శుభలేఖ_ఏలూరు:
పద్దులపుస్తకం గారికి కృతజ్ఞతలు. నోట్‌ప్యాడ్ దారిలో కార్డుల ఫైళ్ళన్నీ బయటకు వచ్చాయి. బిట్‌లాకర్ అడగలేదు. ఇంకో ప్రశ్న: రికవరీ తెరలో 'రీసెట్ దిస్ పీసీ' అని ఉంది, అందులో 'కీప్ మై ఫైల్స్' అంటున్నారు. అది మీ ఇద్దరికీ మధ్యేమార్గమా?

నల్లతెర:
మీకు కాదు. అది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లను ఉంచుతుంది. మీరు వేసుకున్న ప్రోగ్రాములను, విండోస్ ఫోల్డరులోని ఫాంట్లను, ప్రోగ్రాముల సెట్టింగులుండే యాప్‌డేటా ఫోల్డరులోని బ్రౌజర్ పాస్‌వర్డులను తీసేస్తుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే డేటా దాచుకునే పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే అదీ పోతుంది. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లూ గుర్తించే ఉమ్మడి అక్షర పద్ధతిలో లేవు. అవి లేకుండా మీ కార్డులు తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షను 2001 నాటిది, ఆ సీడీ ఇప్పుడు ఎంతమంది దగ్గర ఉంది? హనుమకొండ గారు సాయంత్రానికి విండోస్ ఇవ్వగలరు. పదేళ్ళుగా అమర్చుకున్న పనిముట్లను సాయంత్రానికి ఎవరూ ఇవ్వలేరు.

సర్వీస్_హనుమకొండ:
ఆ మాటకు ఎదురు చెప్పను. డీటీపీ కంప్యూటర్లు నాకూ వస్తాయి, ఫాంట్ల డాంగిల్ (లైసెన్సు కోసం యూఎస్‌బీకి పెట్టే చిన్న పరికరం), ఇన్‌స్టాలర్ చేతిలో లేకుండా వాటిని ముట్టుకోను. శుభలేఖ గారూ, ఫైళ్ళు బయటకు వచ్చాయి కాబట్టి ఇప్పుడు నల్లతెర గారు చెప్పింది ప్రయత్నించండి, పోయేదేమీ లేదు. తెరుచుకుంటే వెంటనే ఫాంట్లను, ఇన్‌స్టాలర్లను వేరే డిస్కుకు ఎక్కించండి. ముహూర్తాల రద్దీ తగ్గాక నిదానంగా కొత్తగా వేయించుకోండి. అతికిన సిస్టమ్ మీద వ్యాపారం నడపవద్దన్న మాట మాత్రం వెనక్కు తీసుకోను.

నల్లతెర:
తెరుచుకున్నాక విండోస్ ఫైళ్ళను తనిఖీ చేసే ఎస్ఎఫ్‌సీ, డిస్మ్ పరీక్షలు రెండూ లోపం లేదని చెప్పి, వచ్చే నెల అప్‌డేట్ సజావుగా ఎక్కితే దాన్ని అతికిన సిస్టమ్ అనడానికి ఆధారం ఉండదు. అప్పుడు కూడా తుడవమంటే ఒప్పుకోను. ఆ పరీక్షల్లో ఏదైనా తేడా వస్తే నేనే హనుమకొండ గారి దగ్గరికి పంపుతాను.

శుభలేఖ_ఏలూరు:
అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ కుదరలేదు. డిస్మ్ ఆదేశం ఇచ్చాను. మా విండోస్ అక్కడ డీ డ్రైవుగానే కనిపించింది, ముందే చెప్పడం మంచిదైంది. పని పూర్తయినట్టు చూపించింది, ఇప్పుడు రీస్టార్ట్ అవుతోంది. ఈసారి కొత్త యూపీఎస్ బ్యాటరీ పెట్టాకే స్విచ్ వేశాను.