శ్రావణంలో ముంబై ప్రయాణం: పెద్దావిడతో, పిల్లలతో వెళ్లవచ్చా?

ప్రశ్న – అమలాపురం నుంచి

అందరికీ నమస్కారం. ఆగస్టులో ముంబైలో, ములుండ్ అనే చోట, మా ఆడపడుచు గృహప్రవేశం. నేను, మా అత్తగారు, పదేళ్ల బాబు, ఏడేళ్ల పాప వెళ్తున్నాం. మావారికి సెలవు దొరకలేదు. మా ఊరికి రైలు లేదు కాబట్టి రాజమండ్రి వెళ్లి కాకినాడ–లోకమాన్య తిలక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. అక్కడ అయిదు రోజులుంటాం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, అయినా సిద్ధివినాయకుడినీ మహాలక్ష్మినీ చూడందే రానంటున్నారు. పిల్లలకేమో పడవెక్కి ఎలిఫెంటా గుహలకు వెళ్లాలని. టీవీ పెడితే నడుములోతు నీళ్లలో జనం కనిపిస్తున్నారు. నా పుట్టిల్లు లంక గ్రామం, వరద నాకు కొత్త కాదు. కానీ తెలియని ఊరి నీళ్లంటే గుండె జారుతోంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పండి.

రాజోలు

మానుకోండి. 2005 జులై 26న నేను అంధేరీలో ఉన్నాను. శాంతాక్రజ్‌లో ఆ ఒక్క రోజే 944 మిల్లీమీటర్లు కురిసింది. మన కోనసీమలో ఏడాదంతా కురిసేది అంతకు కాస్త ఎక్కువ, అంతే. తెల్లవార్లూ ఆగిపోయిన బస్సులోనే కూర్చున్నాం. గృహప్రవేశానికి బట్టలు పంపించి, దీపావళి దాటాక వెళ్లిరండి.

ఠాణే (సొంతూరు రావులపాలెం)

రాజోలు వారి భయం అర్థమైంది, కానీ కన్నకూతురి గృహప్రవేశానికి బట్టలు పంపించి ఊరుకునే తల్లి ఉంటుందా? వెళ్లండి చెల్లెమ్మా. అదే 2005 జులై 26న ఊరికి దక్షిణాన కొలాబాలో పడింది 73 మిల్లీమీటర్లే. ఇక్కడ పంతొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. వానాకాలంలో ఊరు రోజూ మునగదు. ఏటా కొన్ని రోజులు, ఆ రోజుల్లో కొన్ని గంటలు, కొన్ని చోట్ల మునుగుతుంది.

మన వరదతో పోల్చుకోవడం వల్లే పొరపాటు జరుగుతుంది. గోదావరి ముందు కబురు పంపి వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులు, తరవాత ధవళేశ్వరంలో 11.75 అడుగులు, మొదటి హెచ్చరిక. బియ్యం బస్తాలు అటకెక్కించుకునేంత వ్యవధి ఉంటుంది. వచ్చిందంటే మాత్రం రోజుల తరబడి కదలదు. ముంబై నీళ్లు రెండు గంటల్లో వచ్చి, నాలుగైదు గంటల్లో పోతాయి. కాబట్టి అక్కడ తేదీలు మార్చుకోవడం కన్నా గంటలు మార్చుకోవడం తెలియాలి.

ఆ గంటలు పోటును బట్టి ఉంటాయి. ఊళ్లోని వాననీటి కాలువలు సముద్రంలోకో క్రీకుల్లోకో పోతాయి. పోటు వేళ సముద్రం కాలువ మూతికన్నా పైకి లేస్తుంది. ఉప్పునీరు ఎదురు తన్నకుండా గేట్లు దించుతారు. అదే సమయంలో జడివాన పడితే నీరు పోవడానికి పంపులే దిక్కు. మన మురుగు కాలువలు సముద్రంలో కలిసే మొగల దగ్గర పోటుకు ఆగిపోయి చేలు మునగడం మీరు చూసే ఉంటారు, ఇదీ అదే. చేల బదులు హింద్‌మాతా, కింగ్స్ సర్కిల్, సాయన్, కుర్లా, మిలన్ సబ్‌వే, అంధేరీ సబ్‌వే మునుగుతాయి. మరాఠీ వార్తల్లో ‘భర్తీ’ అంటే పోటు, ‘ఓహోటీ’ అంటే పాటు. ఈ రెండు మాటలు తెలిస్తే సగం వార్త అర్థమవుతుంది.

మీకు మరో చిక్కుంది. ములుండ్ సెంట్రల్ రైల్వే లోకల్ మార్గంలో ఉంది. అక్కడి నుంచి దాదర్ వెళ్లాలంటే కుర్లా, సాయన్ దాటాలి. పట్టాలు ముందు మునిగేది అక్కడే. పోటూ పెద్ద వానా కలిసే గంటల్లో మీరు కుర్లాకు ఇవతలైనా ఉండాలి, దాదర్‌లో ఏ గుడిలోనో మ్యూజియంలోనో నింపాదిగా కూర్చునైనా ఉండాలి. మధ్యలో మాత్రం ఉండకూడదు.

యానాం

పోటు గురించి రెండు ముక్కలు. మా ఇంట్లో వేటకు వెళ్లేవారు కాబట్టి తెలుసు. పోటు పన్నెండున్నర గంటలకోసారి వస్తుంది, రోజూ 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు బాగా పొంగుతుంది. ముంబైలో ఆ రోజుల్లో పోటు మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య ఉంటుంది, మళ్లీ అర్ధరాత్రి దాటాక. అష్టమి ప్రాంతంలో నెమ్మదిగా ఉంటుంది. మన తీరంలో చూసిన పోటుతో అంచనా వేయకండి, అక్కడి ఎత్తులో మనది సగం కూడా ఉండదు. పంచాంగం దగ్గర పెట్టుకుంటే చాలు.

అమలాపురం

అయ్యో, గృహప్రవేశం మర్నాడే పౌర్ణమి! ఇంకో నాలుగు సందేహాలు. ఏ స్టేషన్లో దిగాలి? పడవ ఉంటుందా? నీళ్లలో నడవాల్సి వస్తే ఎలా? ఆత్రేయపురం పూతరేకులు రెండొందలు తీసుకెళ్తున్నాను, ఆగుతాయా?

ఠాణే

దిగడం: లోకమాన్య తిలక్ టెర్మినస్ కుర్లాలోనే ఉంది. మీ బండి కల్యాణ్‌లోనో ఠాణేలోనో ఆగుతుంటే అక్కడే దిగిపోండి. ములుండ్‌కు అదే దగ్గర, మునిగే చోటు జోలికీ పోనక్కరలేదు. తిరుగు ప్రయాణం రోజు వాన ఉన్నా లేకున్నా మూడు గంటలు ముందే బయలుదేరండి. పుణె దాటాక ఘాట్లో కొండచరియలు విరిగిపడి బళ్లు ఆలస్యం కావడం ఈ కాలంలో మామూలే, కాబట్టి వచ్చిన రోజునే శుభకార్యం పెట్టుకోకూడదు.

పడవ: ఆశ పెట్టుకోకండి. సముద్రం బాగాలేని రోజున గేట్‌వే నుంచి ఎలిఫెంటా పడవలు ఆపేస్తారు. సోమవారం గుహలకు సెలవు. పడవ దొరికినా దిగాక వందకు పైగా మెట్లు, మీ అత్తగారి వల్ల కాదు. పిల్లలను వర్లీలోని నెహ్రూ సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లండి. వాన పడితే ఇంకా మంచిది, బయటికి రమ్మన్నా రారు.

గుళ్లు: ఆరే నుంచి కఫ్ పరేడ్ దాకా భూగర్భ మెట్రో 2025 అక్టోబరులో పూర్తయింది. మీకు దేవుడిచ్చిన వరం. దాదర్ దాకా లోకల్‌లో వచ్చి మెట్రో ఎక్కితే తరవాతి స్టేషనే సిద్ధివినాయక్, అదే దారిలో సైన్స్ సెంటర్, మహాలక్ష్మి. లిఫ్టులున్నాయి. మహాలక్ష్మిలో దిగి గుడికి టాక్సీ మాట్లాడుకోండి, దక్షిణాన బాంద్రా, సాయన్ దాటాక ఆటోలు ఉండవు. మంగళవారం సిద్ధివినాయకుడి దగ్గరికి వెళ్లకండి, నిలబడలేరు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా దక్షిణానికి, సాయంత్రం అయిదు నుంచి ఉత్తరానికి వెళ్లే లోకళ్లలో పిల్లలతో ఎక్కే సాహసం వద్దు. ఆడవాళ్ల పెట్టె ఎక్కడ ఆగుతుందో ప్లాట్‌ఫాం మీద అడిగి అక్కడే నిలబడండి. వీలుంటే మహాలక్ష్మి దగ్గర్లోని హాజీ అలీ దర్గా కూడా చూడండి. సముద్రంలోకి కాలిబాట ఉంటుంది, పోటుకు మునిగి పాటుకు తేలుతుంది.

గొడుగు గాలికి తిరగబడుతుంది, రెయిన్‌కోటు నయం. ఫోను, మందులు, టికెట్లు ప్లాస్టిక్ సంచిలో. వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక ఇస్తే పోటు వేళ చూసి కదలండి. రెడ్ ఇస్తే ఆడపడుచు ఇంట్లో పకోడీలు వేసుకోండి. నగరపాలక సంస్థ విపత్తు నంబరు 1916.

పూతరేకుల సంగతి మా ఇంట్లో అడగాలి.

భీమవరం (మందుల దుకాణం)

నీళ్లలో నడవడం గురించి ఎవరూ చెప్పలేదు. మన వాళ్లకు చెరువు గట్ల మీద నడిచిన ధీమా ఒకటి ఉంటుంది, దాన్ని ఇంట్లో వదిలి వెళ్లండి. ముంబై వీధి నీళ్ల కింద మ్యాన్‌హోళ్లుంటాయి. 2017 ఆగస్టు 29 వానలో ఒక పెద్ద డాక్టరే మూత తీసి ఉన్న మ్యాన్‌హోల్‌లో పడి చనిపోయారు. అడుగు కనిపించని నీళ్లలో దిగకండి. తప్పకపోతే ముందు గొడుగు కర్రతో తడమండి.

రెండోది ఎలుక జ్వరం. ఎలుకల మూత్రం కలిసిన నీరు కాలి పుండ్లకు, పగుళ్లకు తగిలితే వస్తుంది. నీళ్లలో నడిచాక సబ్బుతో కాళ్లు కడగాలి. కాలికి గాయం ఉండి నీళ్లలో నడిస్తే జ్వరం వచ్చేదాకా ఆగకుండా అక్కడి డాక్టరును కలవండి, ముందుజాగ్రత్త మందు ఇస్తారు. ఆ మందు పిల్లలకు, పెద్దలకు ఒకటి కాదు, మీ అంతట మీరు కొనకండి. మీ అత్తగారికి షుగరు ఉంటే మరీ జాగ్రత్త.

ఠాణే

మా ఆవిడ చెప్పింది: పూతరేకులు గాలి దూరని స్టీలు డబ్బాల్లో, పొరపొరకీ కాగితం వేసి సర్దండి. ఒక డబ్బా తెరిస్తే ఆ పూటే అయిపోవాలి. ఇక్కడి చెమ్మకు మర్నాటికి తడిగుడ్డలా అవుతాయి.

అమలాపురం (రెండు వారాల తరవాత)

వెళ్లొచ్చాం. ఠాణే అన్నయ్యగారికి మా అత్తగారి ఆశీస్సులు. కల్యాణ్‌లో దిగిపోయాం, గృహప్రవేశం చక్కగా జరిగింది, వాన ఆశీర్వదించినట్టే చిన్న తుంపర.

పౌర్ణమి మర్నాడు మాత్రం తప్పు చేశాను. ఉదయమే సిద్ధివినాయకుడి దర్శనం అయిపోయింది, పదిన్నరకు వెనుదిరగాల్సింది. అత్తగారు మహాలక్ష్మిని కూడా చూసేద్దామన్నారు, నేనూ సరేనన్నాను. గుడి నుంచి వస్తుంటే హాజీ అలీ బాట పూర్తిగా నీళ్ల కింద ఉంది. టాక్సీలోంచి చూసి అత్తగారు ‘అచ్చం మన లంక కాజ్‌వేలా లేదూ’ అన్నారు. నాకు అప్పుడు వెలిగింది, ఇది పోటు వేళ కదా అని. దాదర్ చేరేసరికి కుండపోత. సాయన్ దగ్గర పట్టాల మీద నీళ్లని లోకళ్లు ఆపేశారు. ఇంతకు ముందైతే బయటికి పరిగెత్తి ఏదో ఒక టాక్సీ ఎక్కేదాన్నే. ఈసారి గడియారం చూసుకుని అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. రెండున్నర గంటలు. పక్కన కాకినాడ ఆవిడ ఒకరు కలిశారు, భర్తకు వైద్యం కోసం పరేల్ వచ్చారట. డబ్బా తెరిచి పూతరేకులు అందరం తినేశాం. మూడున్నరకు బండ్లు కదిలాయి.

పడవ లేదు, రెండుసార్లు అడిగించినా లేదన్నారు. పిల్లల అలక ఇంటికొచ్చాక తీరింది. మా పుట్టింటి కాజ్‌వే మునిగి ఉంది, నాటుపడవలోనే వెళ్లాం.

రాజోలు

క్షేమంగా వచ్చారు, సంతోషం. మావాడు సెప్టెంబరులో ఉద్యోగం పని మీద వెళ్తానంటున్నాడు. ఆ పోటు పట్టిక ఎక్కడ దొరుకుతుందండీ?

ఠాణే

ముంబై నగరపాలక సంస్థ ఏటా వానాకాలానికి ముందు ప్రకటిస్తుంది, పత్రికల్లోనూ వస్తుంది. నాలుగున్నర మీటర్లు దాటే తేదీలు విడిగా చూపిస్తారు. సెప్టెంబరంటున్నారు కాబట్టి వినాయక చవితి తేదీ కూడా చూసుకోమనండి. అనంత చతుర్దశి నిమజ్జనం రోజున చినుకు పడకపోయినా లాల్‌బాగ్ దాటి వెళ్లలేడు.