చిన్న ఊరికి మారడం: వెళ్ళి ఉన్నవాళ్ళు, వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు చెప్పండి

దారిలోఉన్నా:
అందరికీ నమస్కారం. పెద్ద నగరం వదిలేసి చిన్న టౌనుకి మారాలని ఇద్దరం గట్టిగా అనుకుంటున్నాం. నాది ఇంటి నుంచి చేసే పని. మా ఆవిడది ఆఫీసుకి వెళ్ళి చేసే అకౌంట్స్ ఉద్యోగం. పాప ఇంకా చిన్న క్లాసుల్లోనే ఉంది. "ప్రశాంతంగా ఉంటుంది, ఖర్చు తగ్గుతుంది" అని చెప్పేవాళ్ళు చాలామంది దొరికారు. కొత్తదనం తగ్గాక అక్కడి రోజులు ఎలా గడుస్తాయో చెప్పేవాళ్ళు దొరకలేదు. అది చెప్పండి.

వానచినుకు:
మేం మారి చాలా ఏళ్ళయింది, తిరిగి వెళ్ళే ఆలోచన లేదు. నా మాట ఆ వైపే మొగ్గుతుంది, అది గమనించుకుని చదవండి.

అన్నిటికన్నా పెద్ద లాభం సమయం. పని అయ్యాక ఇంకా వెలుతురు ఉండగానే ఇంట్లో ఉంటాం. పిల్లాడు బడికి నడిచి వెళ్తాడు. బ్యాంకు పని, బడిలో మీటింగు, పళ్ళ డాక్టరు అన్నీ ఒక్క పూటలో అయిపోతాయి. నగరంలో వీటిలో ఒక్కోదానికీ ఒక్కో సెలవు పెట్టేవాళ్ళం. ఇంకోటి ఉంది, ఎవరూ లెక్కలోకి తీసుకోనిది: రాత్రి ఆకాశం. లైట్ల వెలుగు వల్ల ప్రపంచంలో మూడోవంతు మందికి పాలపుంత కనబడదని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. మావాడు దాన్ని మొదటిసారి ఇక్కడే చూశాడు. దాని కోసమే ఊరు మారమని అనను గానీ, నాకు మాత్రం అది చాలా విలువైనది.

లెక్కలపుస్తకం:
"ఖర్చు తగ్గుతుంది" అన్న మాటని విడదీసి చూడాలండీ. అద్దె తగ్గడం ఖాయం, అదే అద్దెకి గదులు కూడా ఎక్కువ వస్తాయి. కానీ బస్సు, మెట్రో మీద నడిచిన ఇంటికి ఇక్కడ సొంత బండి లేకపోతే కుదరదు. ఇద్దరూ ఉద్యోగం చేస్తే రెండు బండ్లు. పెద్ద పని ఏదొచ్చినా నగరానికి వెళ్ళి రావాలి, ఆ ఖర్చు ఎవరూ రాసుకోరు. కొన్ని కంపెనీలు ఉద్యోగి ఉండే ఊరిని బట్టి జీతం సవరిస్తాయి. మీ కంపెనీ సంగతి కనుక్కుని, వాళ్ళు చెప్పింది మెయిల్‌లో రాయించుకోండి.

ఇల్లు మాత్రం వెంటనే కొనకండి. చిన్న ఊళ్ళో కొనడం తేలిక, అమ్మడమే కష్టం. కొనేవాళ్ళే తక్కువ కాబట్టి బోర్డు పెట్టి నెలల తరబడి ఎదురుచూడాలి. ఈలోగా నగరంలో ధరలు పెరిగితే అమ్మిన డబ్బుతో అక్కడ మళ్ళీ కొనలేం. కనీసం ఒక ఏడాది అద్దెకి ఉండండి, అన్ని కాలాలూ చూసినట్టుంటుంది.

రైలుబండి:
నేను వెళ్ళి తిరిగొచ్చినవాణ్ణి. ఆ ఊరి మీద నాకు కోపం లేదు, అక్కడి మనుషులంటే ఇప్పటికీ ఇష్టమే. తిరిగి రావడానికి కారణం ఒకటే. చిన్న ఊళ్ళో దేనికీ రెండోది ఉండదు. నా రంగంలో అక్కడ ఉన్నది ఒకే ఒక్క కంపెనీ, వాళ్ళు ఆ యూనిట్ మూసేశారు. నగరంలో అయితే ఇంకో చోట చేరి అదే ఇంట్లో ఉండేవాణ్ణి. అక్కడ ఉద్యోగంతో పాటు ఇల్లు, పిల్లల బడి, స్నేహితులు అన్నీ వదులుకోవాల్సి వచ్చింది.

ఉద్యోగాల కబురు ప్రాణస్నేహితుల కన్నా ముఖపరిచయం ఉన్నవాళ్ళ నుంచే ఎక్కువగా వస్తుందని మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే రాశాడు. చిన్న ఊళ్ళో దగ్గరివాళ్ళు దొరుకుతారు. వేరే కంపెనీల్లో, వేరే రంగాల్లో ఉండే ఆ దూరపు పరిచయాలే తగ్గిపోతాయి. దారిలోఉన్నా గారూ, మీది ఇంటి నుంచి పని కదా అని ధీమాగా ఉండకండి. 2020లో ఇంటి నుంచే పనిచేయమన్న సంస్థలు చాలానే తర్వాత ఆఫీసుకి రమ్మన్నాయి.

నైట్‌డ్యూటీ:
నేను నర్సుని. పెద్ద ఊళ్ళోనూ చిన్న ఊళ్ళోనూ పనిచేశాను. రైలుబండి గారు చెప్పింది ఆసుపత్రి విషయంలో ఇంకా గట్టిగా వర్తిస్తుంది. జ్వరాలకి, చిన్న దెబ్బలకి చిన్న ఊరే మేలు. డాక్టరుకి మీ పేరు, మీ పాత జబ్బులు, మీకు పడని మందులు అన్నీ గుర్తుంటాయి. కానీ పక్షవాతం వచ్చిందనుకోండి. రక్తం గడ్డకట్టి వచ్చినదైతే గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు పడాలి, ఎంత ముందు పడితే అంత మంచిది. ఆ ఇంజెక్షన్‌కి ముందు సీటీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని చూసుకోవాలి. అంటే ఆ ఊళ్ళో స్కాన్ ఉందా, రాత్రి పూట దాన్ని నడిపేవాళ్ళు ఉన్నారా, లేకపోతే ఆంబులెన్స్ రావడానికి ఎంతసేపు, ఉన్న చోటికి చేరడానికి ఎంతసేపు, ఇవన్నీ కనుక్కోవాలి. ఆసుపత్రి బోర్డు చూసి తృప్తిపడకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నా, నెలలు నిండుతున్నవాళ్ళు ఉన్నా అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇదే అంటాను.

నల్లబల్ల:
జాగ్రఫీ చెప్పేవాడిని కాబట్టి ఒక మాట. ఏ సేవైనా నిలబడాలంటే దాన్ని వాడుకునే జనం కొంత సంఖ్యలో ఉండాలని వాల్టర్ క్రిస్టాలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1933లో ఒక సిద్ధాంతమే కట్టాడు. కిరాణా కొట్టుకి కొద్దిమంది చాలు, గుండె డాక్టరుకి చాలా పెద్ద జనాభా కావాలి. అందుకే ఊళ్ళు మెట్లు మెట్లుగా ఉంటాయి. మీరు వెళ్ళే ఊరి గురించి ఎంత అడుగుతారో, దాని పై మెట్టు ఊరు ఎంత దూరమో కూడా అంత అడగండి. గంటలోపు ప్రయాణమైతే చాలా లోట్లు తీరిపోతాయి.

పాతకాపు:
నేను ఇలాంటి ఊళ్ళోనే పుట్టి పెరిగాను, కొత్తగా వచ్చేవాళ్ళని చాలామందిని చూశాను. తొందరగా కలిసిపోయేవాళ్ళు ఏదో ఒక పనిలో చెయ్యి వేస్తారు. బడి వార్షికోత్సవమో, లైబ్రరీయో, ఆటల పోటీలో, ఏదైనా సరే. మాటకి ముందోసారి వెనకోసారి "మా సిటీలో అయితే" అనేవాళ్ళకి అంత తొందరగా పలకరింపులు రావు. మొదటి ఏడాది ఒంటరితనం ఉంటుందమ్మా, నవ్వుతూ మాట్లాడినవాళ్ళంతా ఇంటికి పిలవరు. ఇక్కడివాళ్ళ స్నేహాలు చిన్నప్పటివి. వాటి మధ్య చోటు దొరకడానికి టైం పడుతుంది.

అందరికీ అన్నీ తెలుస్తాయి, అది నిజం. మీ ఇంట్లో వారం రోజులు లైటు వెలగకపోతే ఎవరో ఒకరు తలుపు తడతారు. మీ ఇంట్లో గొడవైనా అలాగే తెలుస్తుంది. ఈ రెండూ ఒకే చోటి నుంచి వస్తాయి, ఒకటి వద్దని ఇంకోటి తీసుకోలేం.

కిటికీపక్కన:
పాతకాపు గారి మాటకి ఒకటి కలుపుతాను. అక్కడ పెరిగిన ఆడపిల్లగా చెప్తున్నా. చిన్నప్పుడు ఊరంతా మా ఇల్లే, భయం లేకుండా తిరిగాం. పదహారేళ్ళు వచ్చేసరికి అవే కళ్ళు కాపలాగా అనిపించాయి. ఎవరితో మాట్లాడానో నేను ఇంటికి చేరేలోపే అమ్మకి తెలిసేది. నాకు ఇష్టమైన సబ్జెక్టు చెప్పే కాలేజీ అక్కడ లేదు. పాప గురించి ఆలోచించేటప్పుడు ఇప్పటి వయసు ఒక్కటే చూడకండి, టీనేజ్ కూడా లెక్కలోకి తీసుకోండి.

వానచినుకు:
కిటికీపక్కన గారూ, మీరన్నది నిజమే. మా అబ్బాయికి పద్నాలుగు వచ్చాక మాకూ ఆ ప్రశ్న మొదలైంది. సెలవుల్లో నగరంలో మా అక్క దగ్గర ఉంచుతున్నాం. పూర్తి పరిష్కారం కాదు గానీ వాడికి ఊపిరాడుతోంది.

తీగచివర:
నెట్ గురించి ఎవరూ అనలేదు. "ఊళ్ళో ఫైబర్ ఉంది" అంటే మీ వీధిలో ఉందని కాదు. అద్దె ఇంటి అడ్రస్ చెప్పి కనెక్షన్ ఇస్తారా అని అడగండి. అప్‌లోడ్ స్పీడ్ కూడా అడగండి, వీడియో కాల్స్‌కి అదే ముఖ్యం. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉండే ఉపగ్రహాల నెట్ అయితే మాటకీ బదులుకీ మధ్య అరసెకను దాకా ఆలస్యం వస్తుంది, మీటింగుల్లో ఇబ్బంది. ఒక లైన్ పోతే నడిచేలా ఇంకో కంపెనీ మొబైల్ డేటా పెట్టుకోండి. కరెంటు ఎంతసేపు పోతుందో పక్కింటివాళ్ళని అడిగితే సరిగ్గా చెప్తారు.

దారిలోఉన్నా:
అందరికీ చాలా థాంక్స్. మేం చూస్తున్న ఊరికి పై మెట్టు ఊరు నలభై నిమిషాలు. స్కాన్ సంగతి ఫోన్ చేసి అడిగాను, పగలే ఉందట, రాత్రి పూట ఆ పెద్ద ఊరికే పంపిస్తారట. ఇల్లు కొనే మాట పక్కన పెట్టాం. నా టెన్షన్ అంతా తన ఉద్యోగం గురించే. అక్కడ తనకి సరిపడే ఆఫీసులు రెండు మూడు కన్నా లేవు. వెళ్ళాక వెతుక్కోవచ్చు అంటోంది. ఏమంటారు?

లెక్కలపుస్తకం:
వెళ్ళాక వద్దండీ. ఆ రెండు మూడు చోట్లా ఇప్పుడే అడిగించండి, ఒక్కచోటైనా మాట ఖాయమయ్యాక అద్దె అడ్వాన్స్ ఇవ్వండి. అకౌంట్స్ పనిలో దూరం నుంచే లెక్కలు చూసిపెట్టే అవకాశం ఉంటుంది, ఇప్పటి ఆఫీసులో కొంత పనైనా అలా ఉంచుకోగలరేమో కనుక్కోమనండి. మీ జీతం ఒక్కదాని మీదే ఇల్లు నడిచే పరిస్థితి వస్తే, రైలుబండి గారికి ఎదురైందే మీకూ ఎదురవుతుంది.

రైలుబండి:
అవును. ఇంకో మాట, తను అక్కడ ఇంట్లోనే ఉండిపోవాల్సి వస్తే మీకు నచ్చిన ఊరు తనకి నచ్చదు. మా ఇంట్లో ముందు విసిగిపోయింది మా ఆవిడే. తన ఉద్యోగం తేలేదాకా ఆగండి.