డైవ్ చేస్తే మోచేయి దోక్కుపోతోంది, ఎడమవైపు దూకనే దూకడు: ఏం చేయించాలి?

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో గోల్‌కీపర్. గ్రౌండంతా గట్టి మట్టి. డైవ్ చేసినప్పుడల్లా మోచేయి, తుంటి దోక్కుపోతున్నాయి. కుడివైపు పర్వాలేదు కానీ ఎడమవైపు బాల్ వస్తే నిలబడి చూస్తాడు. కీపింగ్‌కి విడిగా కోచ్ లేరు. సాయంత్రాలు నేనే బాల్ విసురుతున్నాను.

జవాబు: సార్, కాలేజీ రోజుల్లో నేనూ కీపర్‌నే. ముందు ఒక వారం దూకించడం ఆపండి. మోచేయి దోక్కుపోతోందంటే పడేటప్పుడు చెయ్యి ఆనించి ఆపుకోవాలని చూస్తున్నాడన్నమాట. ఎడమవైపు నిలబడిపోవడం కూడా బహుశా దెబ్బ భయమే.

గడ్డి మీదో పాత పరుపు మీదో కాళ్లు చాపి కూర్చోబెట్టండి. రెండు గజాల దూరం నుంచి పక్కకి మెల్లగా బాల్ విసరండి. రెండు చేతులూ చాచి పట్టుకుని, అలాగే పక్కకి ఒరగాలి. ఒక చెయ్యి బాల్ వెనక, ఇంకొకటి బాల్ పైన, కింద నేల. అప్పుడు బాల్ జారదు. పొట్ట మీద పడకూడదు, మోచేయి ఒంటి కింద ఇరుక్కోకూడదు. ఇది అలవాటయ్యాక మోకాళ్ల మీద, తర్వాత గొంతుక్కూర్చుని, చివరికి నిలబడి. నిలబడి పడేటప్పుడు పిక్క, తొడ, నడుము పక్క, భుజం వరసగా నేలకి తగలాలి. ఒక్కసారిగా తుంటి మీద పడితే ఎవరికైనా నొప్పే.

ఇక అడుగు. ఎడమకి బాల్ వస్తే ఎడమ కాలే ముందు వెయ్యాలి, అదీ నేరుగా పక్కకి కాదు, కాస్త ముందుకి ఏటవాలుగా. పిల్లలు ఎక్కువగా వెనక్కి, గోల్ లోపలికి పడతారు. ముందుకి పడితే బాల్ ఇంకా దూరంగా వెళ్లకముందే చెయ్యి అందుతుంది. అడుగు వెయ్యాల్సిన చోట చాక్‌పీస్‌తో గీత గీసి చూడండి, మా కోచ్ అదే చేసేవారు.

ఎడమవైపు ముందు చేయించండి, ఒంట్లో ఓపిక ఉండగానే. కుడికి ఆరైతే ఎడమకి పది. అలిసిపోయాక చేయిస్తే తప్పుగా పడటమే అలవాటవుతుంది.

ఇంకొకరు: స్కూల్లో లాంగ్‌జంప్ ఇసుక గుంట ఉంటే పడటం అక్కడ నేర్పండి. రాళ్లు, గాజుపెంకులు ఉన్నాయేమో ముందు చూసుకోండి. అడుగు మాత్రం ఇసుకలో వద్దు, కాలు దిగబడి తోపు రాదు. ఫుల్ హ్యాండ్స్ టీషర్టు, పక్కల మెత్త ఉన్న షార్ట్ వేయించండి. గ్లవ్స్ కంటే ముందు అవే కొనాలంటాను.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. ఇంకొక్కటి. పెనాల్టీకి వీడు బాల్ కొట్టకముందే ఏదో ఒక వైపు దూకేస్తాడు. టెన్షన్ అంటాడు.

మొదటి జవాబిచ్చినవారు: పెనాల్టీకి 11 మీటర్లే దూరం, గోల్ వెడల్పు 7.32 మీటర్లు. పెద్ద కీపర్లూ కొంత ఊహించే దూకుతారు, అది తప్పు కాదు. కానీ కిక్ కొట్టే క్షణానికి కనీసం ఒక పాదంలో కొంత భాగమైనా గోల్ గీత మీదో, గీతకి సరిగ్గా పైనో, గీత వెనకో ఉండాలి. ఒక పాదం చాలన్నది 2019లో వచ్చింది, గీత వెనక ఉన్నా పర్లేదన్నది 2022లో చేర్చారు. మీరు పరిగెత్తుకొచ్చి ఒకసారి కొట్టండి, ఒకసారి కొట్టినట్టు చేసి ఆగిపోండి. ఆగినప్పుడు వాడు పడిపోతే ఆ కిక్ మళ్లీ మొదటినుంచి. మామూలు షాట్‌కి మాత్రం ఊహించడం వద్దు. కాలు బాల్‌కి తగిలే క్షణానికి రెండు పాదాలూ నేల మీద, బరువు మునివేళ్ల మీద ఉండాలి.