లోయర్ ఆర్మ్ బోల్టు బుష్‌లోనే పట్టేసింది, ఎట్లా తీయాలి?

అన్నలకు నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. 2012 మోడల్ చిన్న కారుకు ముందు ఎడమ వైపు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి ఛాసిస్‌కు కలిపే ఇనుప చెయ్యి) ఇంటి దగ్గరే మారుస్తున్నాను. చక్రం వైపు ఉండే బాల్ జాయింట్ సులువుగానే ఊడింది. ఆర్మ్‌ను ఛాసిస్‌కు పట్టించే అడ్డ బోల్టు దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. నట్టు వచ్చేసింది, బోల్టు మాత్రం బుష్ (ఆర్మ్ చివర ఉండే రబ్బరు భాగం) లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయింది. పానా వేసి తిప్పితే దాంతోపాటు రబ్బరూ మెలి తిరుగుతుంది, వదలగానే మళ్ళీ మొదటి చోటికే వచ్చేస్తుంది. కాలువ కట్ట మీద, వరి పొలాల బురదలో పదేళ్ళు తిరిగిన బండి మరి.

తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి రాత్రంతా వదిలాను. మరలు చితక్కుండా నట్టును సగం ఎక్కించి సుత్తెతో కొట్టాను, కదల్లేదు. పక్కనే బ్రేక్ పైపు ఉంది, అందుకే మంట జోలికి పోలేదు.

ఆర్మ్ ఎలాగూ కొత్తదే కాబట్టి, బుష్‌కూ బ్రాకెట్‌కూ మధ్య సందులో హ్యాక్సా బ్లేడు పెట్టి బోల్టును రెండు వైపులా కోసేయొచ్చా? బ్రాకెట్ దెబ్బతినకుండా ఇలా తీసినవాళ్ళుంటే చెప్పండి. కొత్త బోల్టు కొనేటప్పుడు తల మీద బలాన్ని తెలిపే గ్రేడ్ అంకె కలిస్తే చాలా, కంపెనీదే తేవాలా? వచ్చే వారం అమ్మను నల్లగొండ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, బండేమో ఇంకా స్టాండ్ల మీదే ఉంది. అదే నా టెన్షన్.