83 రోజులే ఉన్న నైజీరియా షోనెకాన్ కథేంటి? తెలిసినవాళ్లు చెప్పండి

పాలమూరు_పోరడు:
గ్రూప్స్‌కి చదువుతున్నా. మహబూబ్‌నగర్ లైబ్రరీలో కూర్చుని ఆఫ్రికా సైనిక తిరుగుబాట్ల నోట్సు రాసుకుంటూ ఎర్నెస్ట్ షోనెకాన్ దగ్గర ఆగిపోయా. 1993 ఆగస్టు 26న నైజీరియా పాలకుడిగా వచ్చాడు, నవంబర్ 17న పోయాడు. లెక్కేస్తే 83 రోజులు. మన నాదెండ్ల భాస్కరరావు గారి 31 రోజులు గుర్తొచ్చి నవ్వొచ్చింది గానీ, ఈయన ఎన్నికల్లో నిలబడలేదు, మిలిటరీవాడూ కాదు. మరి కుర్చీ ఎవరిచ్చారు, మూడు నెలలు కాకముందే ఎందుకు లాక్కున్నారు? పుస్తకంలో రెండే లైన్లున్నాయి.

నల్లగొండ_నల్లకోటు:
తమ్మీ, ఆయన మా వృత్తివాడే, లాయరు. 1964లో యూఏసీ అనే పెద్ద కంపెనీలో లీగల్ విభాగంలో చేరి 1980కల్లా దానికే ఛైర్మన్ అయ్యాడు. అక్కడితో ఆగి ఉంటే హాయిగా రిటైరయ్యేవాడు. 1993 జనవరిలో సైనిక పాలకుడు బాబంగిడా పిలిచి తాత్కాలిక మండలి అప్పగించాడు. జూన్ 12న అధ్యక్ష ఎన్నికలు జరిగాయి, అబియోలా అనే అభ్యర్థి గెలుస్తున్నాడని తేలిపోయాక జూన్ 23న బాబంగిడా ఎన్నికలే రద్దు చేశాడు. దేశం భగ్గుమంది. ఇక తప్పదని దిగిపోతూ కుర్చీలో షోనెకాన్‌ని కూర్చోబెట్టాడు. అబియోలాదీ షోనెకాన్‌దీ ఒకటే ఊరు, అబెయోకుటా. మీవాడే కదా, ఊరుకోండి అన్నట్టు! ఎవరూ ఊరుకోలేదనుకో.

అసలు విషయం ఏంటంటే, రక్షణ శాఖ మాత్రం జనరల్ సాని అబాచా చేతిలోనే ఉండిపోయింది. ఇల్లు రాసిచ్చి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నట్టు.

మిర్యాలగూడ_మిల్లు:
లాయర్ సాబ్, పెట్రోల్ సంగతి వదిలేశారు. మా చిన్నాయన అప్పుడు లాగోస్‌లో ఒక కంపెనీలో అకౌంట్లు రాసేవాడు (ఇప్పుడు మా ఉప్పుడు బియ్యం ఆఫ్రికా పోతుంటే ఆయనకి భలే సంతోషం). ఆ నవంబర్లో లీటరు పెట్రోల్ 70 కోబోల నుంచి ఒకేసారి 5 నైరాలకు పెంచారు, నైరాకి వంద కోబోలు, అంటే ఏడు రెట్లు. ఖజానా ఖాళీ, తక్కువ ధరకి పోస్తే గిట్టుబాటు కాదు, లెక్క ప్రకారం చూస్తే తప్పేం కాదు గానీ ఓటేసి తెచ్చుకున్న ప్రభుత్వానికే అది కష్టం, ఈయనకి ఎవరు ఆగుతారు? కార్మిక సంఘాలు సమ్మెకి దిగాయి. మా చిన్నాయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బూట్లు సంచిలో వేసుకుని, డ్యూటీకి నడిచిపోయేవాడట, ఆఫీసు గేటు దగ్గర కాళ్లు కడుక్కుని బూట్లేసుకునేవాడట. ఇంకో విచిత్రం, తర్వాత వచ్చిన అబాచా అదే ధరని 3.25కి తగ్గించి మంచోడైపోయాడు.

కోదాడ_చూపరి:
83 రోజులకే ఆశ్చర్యమా? సియెర్రా లియోన్‌లో సియాకా స్టీవెన్స్ 1967 మార్చిలో ప్రధానిగా ప్రమాణం చేసిన కాసేపటికే సైన్యం అరెస్టు చేసింది. మళ్లీ 1968లో వచ్చి 1985 దాకా ఏలాడు. షోనెకాన్‌కి ఆ రెండో అవకాశం కూడా రాలేదు.

పాలమూరు_పోరడు:
అయితే కోర్టు ఏమీ అనలేదా అన్నా? అక్కడ కోర్టులు పనిచేస్తున్నాయా అసలు?

నల్లగొండ_నల్లకోటు:
పనిచేసింది తమ్మీ, అదే నాకు నచ్చే భాగం. అబియోలా కేసు వేస్తే నవంబర్ 10న లాగోస్ హైకోర్టులో జస్టిస్ డోలపో అకిన్సాన్యా అనే మహిళా జడ్జి, ఆ తాత్కాలిక ప్రభుత్వమే చట్టవిరుద్ధం అని తీర్పిచ్చింది. సైన్యం నీడలో ఉన్న దేశంలో ఆ మాట రాయడానికి ఎంత గుండె కావాలి! కానీ ఆ తీర్పు లాభం అబియోలాకి దక్కలేదు. సరిగ్గా వారానికి, 17న, అబాచా దిగిపొమ్మన్నాడు, షోనెకాన్ రాజీనామా ప్రకటించాడు. అబియోలా మరుసటి ఏడు నేనే అధ్యక్షుణ్ణని ప్రకటించుకుని జైలుకెళ్లి 1998 జులైలో కస్టడీలోనే చనిపోయాడు. షోనెకాన్ 2022 జనవరిలో, 85 ఏళ్లకి పోయాడు. పెద్దమనిషే, కాదనను. కానీ గెలిచినవాడి కుర్చీ అని తెలిసి తెలిసి కూర్చున్నాడు, అది మాత్రం నాకు మింగుడుపడదు.

మిర్యాలగూడ_మిల్లు:
ఆయన కాకపోతే అబాచా ఆగస్టులోనే కూర్చునేవాడు సార్. మనకి మింగుడుపడకపోవడం ఇక్కడ కూర్చుని తేలికే.

పాలమూరు_పోరడు:
ఇద్దరికీ దండాలు. నోట్సులో 'ప్రధాని' అని రాసుకున్నా, కొట్టేసి 'తాత్కాలిక జాతీయ ప్రభుత్వాధినేత' అని దిద్దుకుంటున్నా. మార్జిన్‌లో చోటు చాలట్లేదు.